సగం నేసిన బీము కూలి

వకీలు సారూ,

మీరు పోయి ఏడాదైంది. మన కేసు గెలిచాం. మగ్గంలో పడి తెగిన నా వేళ్ళకు కార్ఖానా సేఠ్ పరిహారం కట్టాడు.

ఫీజెంతని అడిగినప్పుడల్లా మీరు "పైసల ముచ్చట తర్వాత, ముందుగాల గెల్వనియ్యి" అనేవారు. ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు మీ ఇంట్లో అమ్మగారికి ఎంతివ్వాలో తేలక సతమతమయ్యాను. తక్కువిస్తే మీకు ద్రోహం, ఎక్కువిస్తే నా బిడ్డ కాలేజీ ఆగుతుంది.

మీ తర్వాత కేసు నడిపిన కొత్త వకీలునే అడిగాను. ఇలాంటి కేసుకు ఇక్కడి వకీళ్ళు మామూలుగా ఎంత తీసుకుంటారో చెప్పాడు. సాక్షులందరినీ విచారించింది మీరేనని, తాను చివరి వాదన మాత్రమే చేశానని ఒప్పుకున్నాడు. మా కార్ఖానాలో ఒకడు బీము, అంటే మగ్గానికెక్కించిన పడుగు చుట్ట, సగం నేసి వెళ్ళిపోతే, మిగతాది ఇంకొకడు నేస్తాడు. ఎవడు నేసిన మీటర్లకు వాడికే కూలి. కేసు ఫీజునూ మీ ఇద్దరికీ అలాగే పంచాం.

పర్వత్ పాటియాలో మీ ఇంటికి వెళ్ళి, లెక్కంతా చెప్పి, డబ్బు అమ్మగారి ముందు పెట్టాను. ఆమె ఏమంటారోనని తల దించుకునే కూర్చున్నాను.

"సారు ఉంటే ఈ పైసలల్ల సగం నీకే వాపసిచ్చెటోడు" అన్నారు. తర్వాత నవ్వి, "నేనియ్య" అంటూ బీరువాలో పెట్టుకున్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది సారూ.