ఎక్కడ ఆపాలో తెలియని పారాయణం

ఏక్‌బాల్‌పూర్, కోల్‌కతా

అప్పకి తమ్ముడు సింహాద్రి నమస్కారాలు.

నువ్వూ బావా పాపా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. గొంతు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. ఆ గొంతు సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. నీ అడ్రసు పెదనాన్న కొడుకు రాంబాబు ఇచ్చాడు. ఫోన్ నంబరు కూడా ఇస్తానన్నాడు గానీ, ఇన్నేళ్ల తర్వాత ఫోన్లో మొదటి మాట ఏమనాలో తోచక వద్దన్నాను. కాగితం మీదయితే తడబడినా వినపడదు.

నేనీ ఊరొచ్చి ఏడాది కావస్తోంది. ఓడల డాకులో క్రేన్ కింద నిలబడి, పైనున్న డ్రైవరుకి చేతులతో సైగలు చేసే పని. ఎత్తు, దించు, ఆపు. రోజంతా నోరు విప్పే అవసరమే రాదు. పొద్దున్న షిఫ్టు, మధ్యాహ్నానికి వదిలేస్తారు. ఎండలు అప్పుడే ముదిరాయి. చొక్కా వీపుకి అంటుకుని ఊడిరాదు. తిండికేం లోటు లేదు, దిగులు పడకు. చేపలకి కరువు లేదు గానీ అన్నీ ఆవనూనెలోనే వండుతారు. మొదట్లో పెరుగన్నంతో సరిపెట్టుకునేవాణ్ణి, ఇప్పుడు అలవాటైపోయింది. చింతపండు పులుసు మీదకి మనసు పోయినప్పుడు మాత్రం ఊరు గుర్తొస్తుంది. బాగానే ఉన్నాను, నిజంగానే.

నేను అద్దెకుండేది మార్తమ్మ మామ్మ ఇంట్లో. వాళ్లది టెక్కలి వైపు. భర్త డాకులో పనికొచ్చి ఇక్కడే స్థిరపడి, ఇక్కడే పోయాడు. ఆదివారం చర్చి మానదు, అంటే నీలాగే. ఏటా ఈస్టరుకి ముందు శ్రమల దినాల్లో బైబిలు మొదటి నుంచి చివరిదాకా చదవడం ఆమెకి నియమం. ఈ ఏడు చూపు మందగించింది. మనవలు తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు, వాళ్లకొచ్చింది బంగ్లానే. ఫోన్లో ఎవరో చదివింది పెట్టి ఇచ్చారు. "ఆపమంటే ఆగదు, అడిగితే సెప్పదు, దీంతో నాకేటి పని?" అని పక్కన పడేసింది. ఆ సాయంత్రం నన్ను పిలిచింది.

"ఏటిరా సింహాద్రీ, నీకు తెలుగు సదవడం వొచ్చు కదా?"

"వచ్చు మామ్మా. కానీ నేను మీ మతం కాదు కదా."

"మతంతో సదువుతావేటి? కళ్లతోనే కదా సదివేది."

సరేనని ఒప్పుకున్నాను.

అసలు తికమక అక్కడే మొదలైంది. మనింట్లో శ్రావణంలో పారాయణం గుర్తుందా అప్పా? నువ్వు ఒత్తులు చేసేదానివి, నేను చదివేవాణ్ణి, చదువురాని అమ్మ కళ్లు మూసుకుని వినేది. ఎక్కడ పడితే అక్కడ ఆపనిచ్చేది కాదు. చావు దగ్గర, ఏడుపు దగ్గర, శాపం దగ్గర పుస్తకం మూయకూడదు, మంచి ఘట్టం వచ్చేదాకా చదివి అప్పుడే లేవాలి. నాకు వేరేరకంగా చదవడం చేతకాదు. అందుకని మామ్మతో చెప్పకుండానే, స్నానం చేసి వచ్చి కూర్చుని ఇక్కడా అదే పాటించాను.

ఆ పుస్తకంతో అలా కుదరదని నాకేం తెలుసు? నాలుగు పేజీలు తిప్పానో లేదో అన్న తమ్ముణ్ణి చంపేశాడు. అక్కడెలా ఆపను? ముందుకెళితే జలప్రళయం. ఆకాశంలో ఇంద్రధనుస్సు వచ్చాక హమ్మయ్యా అని మూశాను. రాజుల దగ్గరికొచ్చేసరికి నా పని అయిపోయింది. ఒక రాజు పోతాడు, కొడుకు గద్దెనెక్కుతాడు, దేవుడికి కోపం తెప్పిస్తాడు, వాడూ పోతాడు, వాడి కొడుకు వస్తాడు. ఆపడానికి జానెడు చోటు లేదు. "ఇయ్యాల్టికి సాల్రా, గొంతెండిపోతాది" అని మామ్మ అంటుంటే, "ఇంకొంచెం మామ్మా, ఇంకొక్క అధ్యాయం" అని నేను. ఈస్టరుదాకా సాగుతుందనుకున్నది ఎంతో ముందే అయిపోయింది.

మామ్మ నాకు భక్తి పట్టుకుందనుకుంది. పాస్టరుగారికి చెప్పింది. ఆయన వచ్చి నా తలమీద చెయ్యిపెట్టి కళ్లనీళ్లతో ప్రార్థన చేశారు. మంచి మనిషి. ఆయనతో ఏం చెప్పను? తర్వాత ఉండబట్టలేక మామ్మకి అసలు సంగతి చెప్పేశాను. పైటతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వింది. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ. ఇందులో ఏడుపు కాడ ఆపితేనే కదరా, రేపు మళ్లీ రావాలని ఉంటాది" అంది. అదీ నాకు సరిగ్గా అర్థం కాలేదు.

చాలా అర్థం కాలేదప్పా. ఒక పెద్దాయన ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చుంటే స్నేహితులు వచ్చి నోరెత్తకుండా పక్కన కూర్చున్నారు. ఎంత మంచివాళ్లో అనుకున్నాను. నోరు తెరిచాక చూడాలి వాళ్ల సంగతి. చేప కడుపులోంచి బయటపడినాయన కథ దేవుడు అడిగిన ప్రశ్నతో అయిపోయింది, జవాబు లేదు. పేజీ చిరిగిందేమోనని వెతికాను. పాత నిబంధన మొత్తం అయిపోయిందని సంతోషిస్తే, తండ్రుల మనసు పిల్లల వైపు తిరగడం గురించి చెబుతూనే ఆఖరి వాక్యంలో శాపం మాట తెచ్చిపెట్టారు. ఇక ఆ సాయంత్రమే కొత్త నిబంధన అందుకోక తప్పలేదు. అక్కడ ఒకే కథని నలుగురు చెప్పారు. నాలుగోసారి కూడా, ఈసారైనా సిలువెయ్యకుండా ఆయన్ని వదిలేస్తారేమోనని చూశాను. నవ్వుకో, నిజంగా చూశాను.

ఆ భాష కూడా నోటికి పట్టుకుంది. డాకులో మన పలాస కుర్రాడు టీ తాగుతావా అంటే "ఆలాగే కానిమ్ము" అన్నాను. వాడు నా నుదుటి మీద చెయ్యిపెట్టి చూశాడు.

నీతో దాపరికమెందుకు, నేను చదివింది మామ్మ కోసమే కాదు. నువ్వు ఏ మాట చదివి మన గుమ్మం దిగావో అది కనపడుతుందేమోనని వెతుకుతూ చదివాను. ఇదేనా అనుకుంటాను, కాదేమో అనుకుంటాను. అన్ని పేజీల్లోనూ నాకు దొరకలేదు. మామ్మనడిగితే "నాకు పనికొచ్చిన మాట మీ అప్పకి పనికొచ్చిందో లేదో నాకేటి తెలుసురా" అంది. నేను మారానని అనుకోకు. శనివారం హనుమంతుడి గుడికి వెళుతూనే ఉన్నాను. అక్కడ దండం పెట్టుకుంటుంటే బూడిదలో కూర్చున్నాయన గుర్తొస్తున్నాడు. దీన్నేమంటారో నాకు తెలియదు.

పూర్తయిన రోజు అలవాటుకొద్దీ కొబ్బరికాయా అరటిపళ్లూ పట్టుకెళ్లాను. మామ్మ సందేశ్ మిఠాయి తెప్పించింది. చివరి పేజీలో అందర్నీ రమ్మని పిలిచి, అందరికీ దీవెన చెప్పి ముగించారు. అక్కడ మాత్రం ఆపడానికి చోటు వెతుక్కోనక్కర్లేకపోయింది.

మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. నీకు తెలుసుగా, నాన్న కర్మనాడు నువ్వొచ్చి వీధిలో నిలబడితే, "నువ్వు మాకు సచ్చిపోయినట్టే, ఎల్లిపో" అంది. ఆ తర్వాత మన ఇంట్లో నీ మాట ఎత్తినవాళ్లు లేరు. అందుకని ఈ చదువు సంగతి అమ్మ దగ్గర దాచాను. కానీ బొంగురుపోయిన గొంతుని ఎక్కడ దాచను?

"గొంతేటి అలాగున్నాది?" అంది. చెప్పేశాను. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"అశుభం కాడ ఎక్కడా ఆపలేదు కదా?" అంది.

"లేదమ్మా."

"అందులో ఏటున్నాది?"

"నాకు సరిగా అర్థం కాలేదమ్మా."

"అర్థం కాకపోతే తెలిసినోళ్లని అడగాల. మనింట్లో సదివినోళ్లున్నారు కదా."

మనింట్లో అంది అప్పా. నీ పేరు ఎత్తలేదు, అమ్మ అంత తేలిగ్గా ఎత్తే మనిషి కాదు. కానీ మనింట్లో అంది. నేను రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో అడిగితే అదీ చెప్పలేను.

అందుకే రాస్తున్నాను. ఆవేళ మనందరం చావు మాట దగ్గర ఆపేసి లేచిపోయాం. అక్కడ మూయకూడదని నేర్పింది అమ్మే, అక్కడ మూసిందీ అమ్మే. ఈ ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మకి ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడాలో తెలియకపోతే, తమ్ముడికి అర్థం కానిదేదో అడగమన్నాడని చెప్పి మొదలుపెట్టు. వంట గురించి మాట్లాడినా ఫరవాలేదు. మంచిమాట వచ్చేదాకా పెట్టెయ్యకు, అంతే.

బావకి నా నమస్కారాలు. మార్తమ్మ మామ్మ నీకు వందనాలు చెప్పమంది, కోల్‌కతా వస్తే సందేశ్ పెడతానంది. గొంతు బొంగురు తగ్గిపోతుంది, కంగారుపడకు. మిరియాల పాలు తాగుతున్నాను. పెద్దదానివి, చెయ్యెత్తి దీవించు.

ఒక్క సంగతి మర్చిపోకుండా రాయి. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అని పేజీలకి పేజీలు చదివాను, నోరు తిరగని పేర్లన్నీ తప్పులేకుండా పలికాను. నా మేనకోడలి పేరు నాకు తెలియదు.

నీ తమ్ముడు,
సింహాద్రి