యశోద పాత్రకు వయసు పట్టింపు లేదు

కె.పి.హెచ్.బి. కాలనీ,
17-11-2025, సోమవారం.

చి.సౌ. దివ్యకు,

కనకలక్ష్మి టీచర్ దీవెనలు. మేమిక్కడ బాగున్నాం, నువ్వూ నీ ట్రూపు పిల్లలూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. కూకట్‌పల్లికీ కోకాపేటకీ మధ్య ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో అయితే అసలు సంగతి చెప్పకుండానే పెట్టేస్తాను, అందుకే కాగితం తీశాను. మీ అంకుల్ పేపరులోంచి తల ఎత్తి ఎవరికి రాస్తున్నావని అడిగారు. ఎల్.ఐ.సి. వాళ్ళకని చెప్పాను.

నిన్న నువ్వు నాకు రెండు ప్రశ్నలు పంపావు. డాన్సర్ల వాట్సాప్ గ్రూపులోంచి ఎందుకు వెళ్ళిపోయారు టీచర్, మా వల్ల పొరపాటేమైనా జరిగిందా అని ఒకటి. మన కృష్ణలీలల రూపకంలో యశోద వేషానికి ఎవరిని తీసుకోమంటారని ఇంకొకటి.

మొదటిదానికి జవాబు, మీ గ్రూపు వేగం నాకు అందడం లేదమ్మా. సీతారామయ్యగారు నాట్య సభ కార్యదర్శిగా ఉన్నన్నాళ్ళూ ఇంటికి ఫోన్ చేసి, ఫలానా రోజు ప్రోగ్రాం పెట్టుకున్నామండీ, మీరు రావాలి అనేవారు. ఆయన పోయారు, ఆ ఫోనూ ఆగిపోయింది. ఇప్పుడు ఫలానా కంపెనీ యాన్యువల్ డే, ఇంత పొడుగుండాలి, ఎర్ర కాస్ట్యూమ్ సొంతంగా తెచ్చుకోవాలి అని నువ్వు గ్రూపులో పెడతావు. నేను కళ్ళజోడు తుడుచుకునేలోపు పిల్లలు నేనంటే నేనని పేర్లు పెట్టేస్తారు. ఫుల్ అయిందని నువ్వు రాసేస్తావు. ఆ తర్వాత నేను చదువుతాను.

ముందే చదివినా పేరు పెట్టేదాన్ని కాదులే. కళాకారిణి నోరు తెరిచి అడగకూడదు, పిలుపు రావాలి అని మీ అందరికీ నూరిపోసింది నేనే కదా. ఆ మాట మీదే నిలబడ్డాను. స్టేజీ ఎక్కి రెండేళ్ళు దాటింది. నేను అడగలేదు, నన్నెవరూ పిలవలేదు.

అలాంటిది ఈ నెల మొదట్లో, యశోద పాత్రకు వయసు పట్టింపు లేదు అని నువ్వు పెట్టావు చూడు, ఆ ముక్క చదివాక నాకు నిద్ర పట్టలేదు. నాకోసమే రాశావేమో అని కూడా అనుకున్నాను, అంత పిచ్చిదాన్ని. తలుపేసుకుని సాధన మొదలుపెట్టాను. మోకాళ్ళు ముందు మొరాయించాయి, తర్వాత మాట విన్నాయి.

సిగ్గు విడిచి చెబుతున్నాను దివ్యా. శనివారం నేను మిమ్మల్ని దీవించడానికి రాలేదు. ఆడిషన్ ఇవ్వడానికి వచ్చాను.

నిర్వాహకుల దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదన్నది మా కాలం అలవాటు. ఆ అలవాటు కొద్దీ బత్తాయిలు కొన్నాను. అవే నా కొంప ముంచాయి. మీ టవరు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, ఏంది మేడం, గీ పండ్లు ఎవలికి, జర ఆధార్ కార్డు చూపెట్టుండ్రి అన్నాడు. మా స్టూడెంటుకి అన్నాను. ఆడిషన్‌కని అనడానికి నోరు రాలేదు. పైకి రాగానే నువ్వు పరుగెత్తుకొచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టావు. పళ్ళు చూసి, మా గురువుగారు మనల్ని ఆశీర్వదించడానికి వచ్చారని మైకులో చెప్పేశావు. దీపం వెలిగించమన్నావు, శాలువా కప్పావు, తీసుకెళ్ళి జడ్జీల పక్కన కూర్చోబెట్టావు. అంత మర్యాద జరిగాక, నేనూ ఆడటానికే వచ్చానమ్మా అని ఏ మొహంతో అనను?

శాలువా కింద ఒకటే చెమట. కాళ్ళ దగ్గర పెట్టుకున్న సంచి కొంచెం కదిలేసరికి లోపల నా గజ్జెలు మోగాయి. పక్కన కూర్చున్న మీ యాంకరమ్మాయి రసజ్ఞ, గజ్జెలాండీ, ఎవరికండీ అని అడిగింది. కొత్తగా చేరిన పిల్లకి అని అబద్ధమాడి, మళ్ళీ మోగకుండా సంచి మీద కాలు వేసి అదిమిపెట్టాను. ఇన్నేళ్ళూ కళ్ళకద్దుకోకుండా కట్టుకోని గజ్జెలవి. కాలు తియ్యాలని ఉంది, తీస్తే మోగుతాయని భయం. నువ్వు నా మొహం చూసి, టీచర్‌కి ఏసీ పడటం లేదని అన్నావు.

యశోద కోసం వచ్చినవాళ్ళలో ప్రొద్దుటూరు అమ్మాయి రమ్య గురించి నువ్వు నా అభిప్రాయం అడిగావు. చూపు తేలిపోయింది, పాత్ర మీద నిలవలేదు అన్నాను. నువ్వు వెంటనే ఆమెను పక్కన పెట్టేశావు. మిగతావాళ్ళ సంగతి నువ్వే చూశావు.

అందుకని రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. ఆ వేషం ఎలాగూ ఖాళీగా ఉంది, నాకివ్వు. అడగకూడదని నేర్పినదాన్నే అడుగుతున్నాను. జాలిపడి మాత్రం ఇవ్వొద్దు. అందరి ముందూ ఆడి చూపిస్తాను, మీకు నచ్చకపోతే మాట్లాడకుండా ఇంటికొచ్చేస్తాను. రేపు సాయంత్రం పేర్లు ప్రకటిస్తానన్నావు కాబట్టి ఈ ఉత్తరం మా పక్కింటి కిరణ్మయి చేతికిస్తున్నాను. రేపు పొద్దున్న ఆఫీసుకి అటే వస్తుంది, నీకు అందజేస్తుంది. వేళకి తిను. పిల్లల మీద మరీ అరవకు.

ఇట్లు,
నీ టీచర్,
కనకలక్ష్మి

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను. వేగం అందక గ్రూపులోంచి వెళ్ళిపోయానన్నది అబద్ధం. ఆదివారం పొద్దున్న రమ్య అందులో నాకు రాసింది. మేడం, నా చూపులో తప్పేముందో చెప్తే దిద్దుకుంటా, ఇంగోసారి చేసి చూపిస్తా అని. నువ్వూ చదివే ఉంటావు. దానికి జవాబు రాయలేక బయటికొచ్చేశాను. ఆ పిల్ల చూపు ఎక్కడా తేలిపోలేదు దివ్యా. బిడ్డను కొట్టబోయిన యశోద చేతిలోంచి కర్ర జారినప్పుడు, ఇన్నేళ్ళూ నేను బిడ్డవైపే చూశాను. ఆ పిల్ల తన చేతివైపు చూసుకుంది, ఈ చేత్తోనా కొట్టబోయాను అన్నట్టు. నాకెప్పుడూ తట్టని సంగతి అది. ఇక ఆ వేషం నాకు దక్కదని అప్పుడే తెలిసింది, తెలిసే ఆ మాట అన్నాను. పైన నేను అడిగింది కొట్టెయ్యి. యశోద రమ్యదే. మధ్యలో నువ్వేమీ సర్దిచెప్పకు, ఆ పిల్ల నెంబరు నాకు పంపు. తను దిద్దుకోవాల్సింది ఏమీ లేదని నా నోటితో నేనే చెప్పాలి.