పడక కుర్చీ, నూట పన్నెండు లింకులు

మార్చి 2
నాన్న మాట ఇచ్చేశారు. ముప్పయ్యో తారీఖున షాపు తాళంచెవి పక్కనున్న జెరాక్స్ అతని చేతిలో పెడతారట. కుర్చీలు బాగు చేయించుకునే రోజులు పోయాయమ్మా, విరిగితే పారేసి కొత్తది కొంటున్నారు, రోజంతా ఈగలు తోలుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోతేనే నాకు భయం.

ఈలోపు పని తెప్పిస్తే ఉంచుతారా అని అడిగాను. తెప్పించు చూద్దాం అన్నారు. షాపుకి వెబ్‌సైట్ పెట్టింది నేనే. ఏడాదిగా దాన్ని చూసింది నేనూ, చెల్లీ. చెల్లి కూడా పొరపాటున నొక్కిందట.

మార్చి 4
ఆన్‌లైన్ క్లాసులో చేరాను. చెప్పేది లింకుల మాస్టారు (పేరు వేరే ఉంది, నేను పెట్టుకున్నది ఇది). ఎక్కువ సైట్లు ఎవరికి లింక్ ఇస్తే వాళ్ళనే సెర్చ్‌లో ముందు చూపిస్తారట. పైసా ఖర్చులేని దారి ఒకటి చెప్పారు. ఫోటో షేరింగ్ సైట్లలో మంచి ఫోటోలు పెట్టి, ఎవరైనా ఊరికే వాడుకోండి, కింద మా సైట్ లింక్ ఇస్తే చాలు అని రాయాలట. ఫోటో ఊళ్ళు తిరుగుతుంటే లింక్ దాని వెనకాలే నడుస్తుందన్నారు. రాసుకున్నాను.

మార్చి 5
నలభై ఆరు ఫోటోలు తీశాను. ఊడిన కాళ్ళు, తెగిన పేము అల్లిక, బాగుచేశాక అవే కుర్చీలు. నాన్నని పోజివ్వమంటే చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, ఎవరో తిడుతుంటే నిలబడ్డట్టు నిలబడ్డారు.

నిజానికి ఆయన పని చూడాలంటే మధ్యాహ్నం రావాలి. బాగుచేసిన ఏ కుర్చీలోనైనా తను ఒక కునుకు తీస్తేగానీ తిరిగి ఇవ్వరు. నడుముని మించిన కొలబద్ద లేదంటారు. కునుకు పట్టకపోతే మళ్ళీ విప్పుతారు.

మార్చి 6
ఫోన్‌లో ఉన్న ఫోల్డర్ మొత్తం సెలెక్ట్ చేసి మూడు సైట్లలో ఒకేసారి అప్‌లోడ్ కొట్టాను. ఎంత తెలివైనదాన్నో.

మార్చి 9
వ్యూస్ నాలుగు. మూడు నావి.

మార్చి 12
వ్యూస్ రెండు వేలు! ఉన్నచోటే ఎగిరి గంతేశాను. షాపులో మంచి స్టూలు ఒకటి నా కాలికింద విరిగింది. పని దొరికిందిగా అన్నారు నాన్న.

మార్చి 13, ఉదయం 10
లింకులు ముప్పై ఒకటి. మొదటిది తెరిచాను. గురక గురించిన వ్యాసం. పైన నాన్న.

బనియన్‌తో, పడక కుర్చీలో, నోరు తెరుచుకుని. కళ్ళజోడు నుదుటి మీద, చేతిలో ఇసుక కాగితం. పోయిన నెల చెల్లికి పంపి నవ్వుకుందామని తీసిన ఫోటో. అదే ఫోల్డర్‌లో ఉంది.

మిగతావి కూడా తెరిచాను. ఉద్యోగుల్లో బద్ధకం పోగొట్టడం ఎలా: నాన్న. మధ్యాహ్నం నిద్ర గుండెకు మంచిది: నాన్న. మధ్యాహ్నం నిద్ర గుండెకు చెడ్డది: మళ్ళీ నాన్నే. అందరూ కింద పద్ధతిగా మా సైట్ లింక్ ఇచ్చారు. లోకంలో ఇంతమంది నిజాయితీపరులున్నారని తెలిస్తే ముందే జాగ్రత్తపడేదాన్ని.

మాస్టారికి మెసేజ్ పెడితే, పొరపాటున కూడా తీసేయకండి అన్నారు. సిగ్గుగా ఉంది. కన్నతండ్రిని బజారులో పెట్టాను. అయినా డిలీట్ నొక్కలేదు. పదిహేడు రోజులే ఉన్నాయి.

మార్చి 16
వెబ్‌సైట్ చూసి మొదటి ఫోన్! ఒకావిడ వాళ్ళాయన గురక గురించి అడిగింది. మేం కుర్చీలు బాగుచేస్తామండీ అన్నాను. కుర్చీలో పడుకోబెడితే తగ్గుతుందా అంది. తెలియదండీ అన్నాను. తెలియనప్పుడు ఆ ఫోటో ఎందుకు పెట్టారని కడిగేసింది.

సాయంత్రంలోపు ఇంకో నాలుగు ఫోన్లు, అన్నీ గురకే. సెర్చ్ చేసి చూశాను. 'గురక' అని కొడితే రెండో పేజీలో ఉన్నాం. 'కుర్చీ రిపేరు' అని కొడితే ఎక్కడా లేం. మాస్టారు చల్లగా వివరించారు. మీకు లింక్ ఇచ్చినవాళ్ళంతా గురక గురించి రాశారు కాబట్టి సెర్చ్ దృష్టిలో మీది గురక షాపే అన్నారు. క్లాసులో ఈ ముక్క చెప్పలేదేం అంటే, అది అడ్వాన్స్‌డ్ కోర్సట.

మార్చి 19
లింకులు 112. కుర్చీలు 0.

మార్చి 21
తెలిసిపోయింది. జెరాక్స్ అతను కలర్ ప్రింట్ తీసి, పెద్ద సైజులో, నవ్వాపుకోలేక ఊగిపోతూ తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. నేను పేము కట్టల వెనక నక్కాను.

నాన్న కళ్ళజోడు దించుకుని చాలాసేపు చూశారు. ఎవరు పెట్టారని అడిగారు. బయటికొచ్చి మొత్తం చెప్పేశాను, ఏడుస్తూనే. అప్పుడు ఆయన ఫోటోలో కుర్చీ ఎడమ చేతికి చుట్టి ఉన్న తాడు మీద వేలు పెట్టారు. తాడు విప్పకుండా ఎలా పెట్టావే అన్నారు. అక్కడ జిగురు ఆరలేదట. ఆరేదాకా బరువుండాలని తనే కూర్చున్నారట. చేతకానివాడెవడో తాడుతో కట్టి ఇచ్చాడనుకోరూ అన్నారు.

నోరు తెరిచి ఉన్నారు నాన్నా అన్నాను.

నోరు నాది, కుర్చీ కస్టమర్‌ది అన్నారు.

మార్చి 22
నూట పన్నెండు సైట్లకీ మెయిల్ పెట్టించారు. ఆయన చెప్పడం, నేను టైప్ చేయడం. అయ్యా, మీరు వాడుకున్న ఫోటోలో తాడు తాత్కాలికం, జిగురు ఆరాక విప్పాము, కుర్చీ ఇప్పుడు నిక్షేపంగా ఉంది, పూర్తయిన ఫోటో జతచేస్తున్నాము, దయచేసి మార్చగలరు.

బద్ధకం సైట్ వాళ్ళు జవాబిచ్చారు. తాడు ఎవరూ చూడలేదండీ అన్నారు. నాన్నకి చెప్పలేదు.

మార్చి 25
ఫోన్. డాక్టరునన్నారు. గురక అన్న మాట వినపడగానే, మా దగ్గర మందు లేదండీ అనేశాను. మందు నా దగ్గరే ఉందమ్మా, గురక ఆసుపత్రి నాదే అన్నారు. మా మెయిల్ అందిన నూట పన్నెండు మందిలో ఆయనొకరు. వెయిటింగ్ రూమ్‌లో నలభై పాత కుర్చీలున్నాయట, అన్నీ కిర్రుకిర్రుమంటున్నాయట, పారేద్దామనుకుంటున్నారట. ఒక్క తాడు కోసం ఇంత బాధపడే మనిషి ఉన్నాడని తెలిశాక మనసొప్పలేదన్నారు.

నాన్నకి చెప్పాను. పేమా, కుషనా అని అడిగారు. పేమే అన్నాను. మొహం కడుక్కుంటానని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. అమ్మ మాత్రం మాట్లాడింది. రాత్రి అన్నాల దాకా ఆపలేదు.

మార్చి 28
నలభై కుర్చీలూ దిగాయి. షాపు నిండి, మెట్లు నిండి, జెరాక్స్ గుమ్మం దాకా వచ్చాయి. డెలివరీ లేటవుతుందని, ఒక్కో కుర్చీకి ఒక్కో కునుకని డాక్టరుకి ముందే చెప్పాను. వైద్యపరంగా అభ్యంతరం లేదన్నారు.

మార్చి 30, మధ్యాహ్నం 2
జెరాక్స్ అతను తాళంచెవి కోసం వచ్చాడు. నాన్న మూడో కుర్చీలో ఉన్నారు. లేపకండి, డ్యూటీలో ఉన్నారు అని చెప్పాను.