పాత రబ్బరు రింగు

మార్చి 9. ఎండగా ఉంది. బండి కడిగాను.

బావగారికి,

మీరు మా కారు ట్యాంకులోని పెట్రోలు పంపు మార్చి ఇచ్చినప్పటి నుంచి లోపలికొచ్చే పెట్రోలు వాసనకు మీ చెల్లెలికి ఒకటే వాంతులు. అడిగితే, "వాసన బండిలో లేదు బావా, దాని ముక్కులో ఉంది" అని నవ్వారు. మీ మాట నమ్మి నేనూ ఆమెను కసిరాను.

నా రోజువారీ పుస్తకం తిరగేశాను. ట్యాంకు నిండుగా నింపిన రోజుల్లోనే వాసన వచ్చింది. అంటే లోపం ట్యాంకు పైభాగంలో ఉంది. నిన్న ట్యాంకు దించి చూశాను. పంపు చుట్టూ మీరు కొత్తది వేశానన్న రబ్బరు రింగు పాతదే, పగిలిపోయి ఉంది. మార్చాను. వాసన పోయింది.

సోమవారం మీరు బండ్ల యజమానుల సంఘంలో మరమ్మతుల పని అడగబోతున్నారట. ఆ రింగునూ, జరిగింది రాసిన కాగితాన్నీ వాళ్ల అధ్యక్షుడికి ఇచ్చి వచ్చాను.

"పోనీలెండి, మా అన్నే కదా" అంది మీ చెల్లెలు. నేను పోనివ్వను.