సర్వేయర్ చంద్రమౌళి గారిని మార్చవలసిన కారణం

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,
బీమా కంపెనీ డివిజనల్ కార్యాలయం, వరంగల్.

అర్జీదారు: తాటిపల్లి పద్మలత, వయసు 47 (ఇది అసలు వయసే), పెళ్లి సంబంధాల కేంద్రం, హన్మకొండ చౌరస్తా.

అయ్యా,

విషయం: చిన్న వ్యాపారాల సైబర్ బీమా కింద మా క్లెయిమ్‌ను పరిశీలిస్తున్న సర్వేయర్ శ్రీ చంద్రమౌళి గారిని తక్షణమే తప్పించి, వేరొకరిని నియమించవలసిందిగా కోరుట గురించి.

పదహారేళ్లుగా పై కేంద్రాన్ని నడుపుకుంటున్న నేను తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. గత ఏడాది మా కేంద్రానికి సైబర్ బీమా చేయించితిని. చేయించినవాడు తమ ఏజెంట్ రాకేష్. "అక్కా, దొంగ ఇప్పుడు షట్టర్ లేపి రాడు, నెట్ల నుంచి వస్తడు. జర బీమా చేయించుకో" అన్నాడు. అతని పెళ్లి కుదిర్చింది నేనే. అప్పుడు నా మాట అతను విన్నాడు కాబట్టి ఇప్పుడు అతని మాట నేను విన్నాను. ఇందులో ఫిర్యాదు ఏమీ లేదు, వరుసగా చెప్పుకొస్తున్నాను.

2. జూన్ నెలలో మా మెయిల్‌కు "అబ్బాయి బయోడేటా" అని ఒక ఫైలు వచ్చినది. ఆరడుగుల ఎత్తు, సొంత ఇల్లు, అత్తగారు లేరు, ఆడబిడ్డలు లేరు, ఏ షరతులూ లేవు. అక్కడే నాకు అనుమానం రావలసింది. ఆశకొద్దీ తెరిచాను. తెరవగానే కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఇంత డబ్బు కట్టకపోతే మీ రిజిస్టర్ మొత్తం బయటపెడతామని ఇంగ్లీషులో బెదిరింపు వచ్చింది.

తెలియనివారు పంపిన ఫైలు తెరవడం షరతులకు విరుద్ధమని తమ కార్యాలయం మొదట రాసింది. అయ్యా, తెలిసినవారి ఫైళ్లే తెరుస్తూ కూర్చుంటే పెళ్లి సంబంధాల కేంద్రం ఎట్లా నడుస్తుంది? వచ్చేదంతా తెలియనివారే కదా. ఆ అభ్యంతరాన్ని తమరు తర్వాత పెద్దమనసుతో వదిలేశారు. అందుకు కృతజ్ఞతలు.

3. నేను డబ్బు కట్టలేదు. వాళ్లు అన్నంత పనీ చేశారు. రిజిస్టర్‌లో ఉన్న ఆరువందల నలభై కుటుంబాలకు రిజిస్టర్ మొత్తం వాట్సాప్‌లో పంపించారు. ఇక్కడ తమకు ఒక సంగతి మనవి చేయాలి. మా రిజిస్టర్‌లో "చెప్పిన వయసు" ఒక గడి, "అసలు వయసు" ఒక గడి ఉంటాయి. జీతానికీ అంతే. చివర "మా మాట" అని ఇంకొక గడి ఉంటుంది. అది నా కోసం రాసుకున్నది. "పిల్లవాడు బంగారం, తల్లి గడుసు." "అమ్మాయికి వంట రాదు, నేర్పబోయినవారికి మర్యాద దక్కదు." ఇట్లాంటివి.

మర్నాడు పొద్దున్నే హసన్‌పర్తి నుంచి కట్టమ్మ గారు ఆటో మాట్లాడుకొని వచ్చారు. పై గడుసు తల్లి ఆవిడే.

"ఏందే పద్మా, నన్ను గడుసుదని ఊరంతా చాటిస్తవా?" అన్నారు.

"తప్పు రాసిన్నా అత్తమ్మా?" అన్నాను.

"తప్పని గాదు. మనసు మంచిదని గుడ రాయొద్దా మరి?" అన్నారు. రాసి ఇచ్చాను. ఆవిడ కొడుక్కి ఆ నెలలోనే సంబంధం కుదిరింది. ముందే అన్నీ తెలిసిపోయాయి కాబట్టి అమ్మాయి వైపువాళ్లకు అడగడానికి ఏమీ మిగల్లేదు.

కానీ అందరూ కట్టమ్మ గారు కాదు. చాలామంది అలిగారు. కేంద్రం ఇరవై మూడు రోజులు మూసి ఉంచాను.

4. ఇప్పుడు అసలు ఇబ్బందికి వస్తున్నాను. మూడేళ్ల కింద కంప్యూటర్ కొన్నప్పుడు మా దగ్గర పనిచేసే సింధు, "ముందు మీ పేరే కొట్టి చూడుండ్రి మేడం" అని నేర్పించింది. అట్లా రిజిస్టర్‌లో ఒకటో నంబర్ నాదే అయింది. "మా మాట" గడిలో ఏం రాయాలో తోచక ఉన్నదే రాశాను: "భర్త పోయి ఆరేళ్లు. మాట కరుకు, మనసు అంత కరుకు కాదు. పదిమందికి జంట కుదిర్చి ఇంటికి పోయి ఒక్కతే తింటుంది. ఎవరికీ చూపించవద్దు."

అయ్యా, అది కూడా ఆరువందల నలభై ఇండ్లకు చేరింది. నోటికి హద్దులేని కట్టమ్మ గారితో సహా ఒక్కరూ దాని ఊసెత్తలేదు. చదవలేదో, చదివి ఊరుకున్నారో తెలియదు. ఎంత సిగ్గేసిందో తమకు రాయలేను.

5. తరువాత తమ సర్వేయర్ శ్రీ చంద్రమౌళి గారు విచారణకు వచ్చినారు. రూల్ ప్రకారం బయటపడిన ప్రతి పేరుకూ నష్టం జరిగిందా లేదా అని అడగాలట. ఇంకెవరైనా అయితే పదీ ఇరవై చూసి సంతకం పెట్టి పోయేవారు. ఈయన మూడు రోజులు కూర్చొని మొత్తం చదివారు. వెనక నుంచి మొదలుపెట్టారు, కాబట్టి నా నంబర్ చివరకు వచ్చింది.

"నంబర్ ఒకటికి నష్టం జరిగిందా మేడం?"

"ఎవ్వరు అడగనే లేదు సార్. ఏం నష్టమైతది?"

"అడగకపోవుడు గుడ నష్టమే" అన్నారు ఆయన, మెల్లగా. ఫారంలో ఏం రాశారో నేను చూడలేదు.

వారం తర్వాత క్లెయిమ్ కాగితాల మధ్యలో ఇంకొక కాగితం పెట్టి ఇచ్చారు. చంద్రమౌళి, మడికొండ. భార్య పోయి ఏడేళ్లు. ఒక కూతురు, పెళ్లయింది. చెప్పిన వయసు 53, అసలు వయసు 53. "మా మాట" గడి కూడా ఆయనే గీసి నింపారు: "మనిషి నిదానం. కూరలో ఉప్పు లేకున్నా చెప్పడు."

"ఇప్పుడే జవాబు చెప్పకుండ్రి. ఫైల్ క్లోజ్ అయినంక చెప్పుండ్రి. అప్పటిదాక మీ దగ్గర చాయ్ గుడ తాగ" అని వెళ్లిపోయారు.

6. ఆ రోజు నుంచి నా క్లెయిమ్‌కు కష్టకాలం మొదలైనది. ఆయన మీద అనుమానం రాకూడదని నా నష్టాన్ని నిర్దాక్షిణ్యంగా కోస్తున్నారు. మూసి ఉన్న ఇరవై మూడు రోజుల్లో పంతొమ్మిది రోజులు ఆషాఢమని, ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి నష్టం లేదని కొట్టేశారు. అయ్యా, పెళ్ళిళ్ళు ఉండవు గానీ వెతుకులాట ఆగుతుందా? మిగిలిన నాలుగు రోజుల్లో ఒకటి ఆదివారమని, సెలవని తీసేశారు. వచ్చిపోయేవాళ్లతో నాకు ఊపిరాడనిది ఆదివారమే. పోయిన ఫైళ్లను తిరిగి రప్పించిన కంప్యూటర్ ఇంజనీరు ఉదయ్ బిల్లు మీద మూడుసార్లు వివరణ అడిగారు. ఆ బిల్లు ఇంకా నేను కట్టవలసే ఉంది. క్లెయిమ్ వస్తేనే కొత్త కంప్యూటర్. అంతవరకు నోటుపుస్తకంలో చేత్తో రాసుకుంటున్నాము.

"గిట్ల కోస్తె ఎట్ల సార్?" అని అడిగాను.

"రేపు నలుగురు ఏమంటరు మేడం? పెండ్లాం గాబోయేదని ఎక్కువ రాసిండు అనరా?"

నేను అప్పటికి ఒప్పుకోనే లేదు.

7. ఐదు నెలలు గడిచినవి. ఆయన వస్తారు, షట్టర్ బయటే నిలబడి ప్రశ్నలు అడుగుతారు. ఒకరోజు జోరువానలో తడుస్తుంటే గొడుగు ఇవ్వబోయాను. పాలసీదారు నుంచి ఏదీ తీసుకోరాదని తడుస్తూనే బస్టాండు దిక్కు నడిచారు. ఫైలు వదిలేయమన్నాను. వదిలేయాలంటే పై అధికారికి కారణం రాయాలట. ఆ కారణం రాయడానికి యాభై మూడేళ్ల మనిషికి చెయ్యి ఆడటం లేదు. అందుకే నేను రాస్తున్నాను.

కారణం: నేను ఒప్పుకుంటున్నాను. ఆయనకు ఇంకా చెప్పలేదు. ఫైలు క్లోజ్ కాకుండా వినేటట్టు లేరు.

కావున, శ్రీ చంద్రమౌళి గారిని పై క్లెయిమ్ నుంచి తప్పించి, నా మీద ఏ అభిప్రాయమూ లేని సర్వేయర్‌ను నియమించి, ఆషాఢం రోజులతో సహా నా నష్టాన్ని న్యాయంగా లెక్క కట్టించవలసిందిగా ప్రార్థన. పదహారేళ్లుగా నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ "ఏదో ఒకటి సర్దుకోవాలమ్మా" అని చెప్పాను. నా వంతు వచ్చేసరికి సర్దుకోబుద్ధి కావడం లేదు. క్లెయిమూ కావాలి, మనిషీ కావాలి.

ఈ విన్నపమును తమ తీరిక చూసుకొని కాక, తొందరగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (ఈ ఒక్క విషయంలో తప్ప),
తాటిపల్లి పద్మలత

తా.క.: రూల్స్ ప్రకారం రెండూ కుదరవు, ఏదో ఒకటే అని తేలితే, ఉత్తరం వేసి ఆలస్యం చేయకండి, ఫోన్ చేయండి. క్లెయిమ్ నేనే వాపసు తీసుకుంటాను. ఉదయ్‌కి నెలనెలా కొంత కట్టుకుంటాను. ఆయనను మాత్రం వదులుకోలేను. ఈ సంగతి దయచేసి ఆయనకు తెలియనివ్వకండి. నా క్లెయిమ్ పోకూడదని సర్వేయర్ పనే మానుకుంటారు.