రేవులంక ఉప్పు

అనంతగిరి, శుక్రవారం

అన్నయ్యకు అప్పలసూరి నమస్కారాలు. నా చలిజ్వరం తగ్గింది, వదినను బెంగపడవద్దని చెప్పు.

నువ్వు పంపిన ఉప్పు బస్తా నిన్న సంతలో విప్పాను. నాలుగువైపులా నీళ్లున్న మన రేవులంక గురించి గొప్పలు చెబుతూ అమ్ముతున్నాను. ఒకప్పుడు అక్కడ డచ్చివాళ్ల ఓడలు ఆగేవనీ, వాళ్ల గోరీలూ దీపస్తంభమూ చూడడానికి దొరలు వస్తే మా అన్నే పడవలో తిప్పుతాడనీ చెప్పాను. ఇక్కడివాళ్లు నాలుక మీద వేసుకుని చూడనిదే ఉప్పు కొనరు. ఎన్నడూ కొండ దిగని సోములమ్మ అనే ముసలామె ఒక ఉప్పుకల్లు నోట్లో వేసుకుని వెంటనే ఉమ్మేసింది.

"ఇది సంద్రం నీటి ఉప్పు కాదు బావూ, కంటి నీటి ఉప్పు. పడవొక్కటే ఒడ్డుకొచ్చినాది. నడిపినోడేడీ?" అంది.

ఆ తర్వాత ఆ బస్తాను ఎవరూ ముట్టలేదు. నేనూ రుచి చూశాను. అంత చలిలోనూ ఆ ఉప్పు వెచ్చగా ఉంది.

దొరలు ఎంత అడిగినా పడవ తీయకు. ఎర్రావు ఈనిందా? నాకో గొంగళి, కాసిని ఎండుచేపలు పంపు. పిల్లలకు దీవెనలు. జవాబు బేగి రాయి. వదిన చేత రాయించకు, నీ చేత్తోనే రాయి.