ఖాళీ హాస్టలుకు ప్రారంభోత్సవం

నారాయణఖేడ్, 1988 నవంబర్, ఆదివారం రాత్రి

ఇవాళ మా సంస్థ హాస్టలుకు రిబ్బను కత్తిరించారు. అందులో ఉండాల్సిన పిల్లలు మాత్రం అమ్మానాన్నలతో చెరుకు తోటల్లో ఉన్నారు. వాళ్లు వలస పోకుండా బడికి పోవాలనే కదా ఈ హాస్టలు పెట్టింది! దసరాకే తెరుద్దామంటే మా అధ్యక్షుడు వినలేదు. హైదరాబాదు నుంచి పెద్దమనిషి వచ్చేదాకా తాళం తీయొద్దన్నాడు. శాలువా కోసమే పుట్టిన మనిషి. దసరా ముందు కంగ్టి నుంచి శాంతమ్మ కూతురి చెయ్యి పట్టుకొని వచ్చింది. "ఇంకెన్నడు తెరుస్తరు సారూ? చెరుకు కోతకు పోయే లారీ మా కోసం ఆగుతదా?" అంది. ఆగలేదు. శాంతమ్మ కూతురితో సహా ఎక్కిపోయింది.

పిల్లలేరని నేనడిగితే "పరేషాన్ గాకు, పోరగాళ్లను నేను తెస్త" అన్న అధ్యక్షుడు, ఇవాళ బజారు దుకాణదార్ల పిల్లలను తెచ్చి కొత్త చాపల మీద కూర్చోబెట్టాడు. పెద్దమనిషి వాళ్ల బుగ్గలు గిల్లి, హాస్టలు తిండి బాగా ఒంటబట్టిందని మెచ్చుకున్నాడు. మేమింకా పొయ్యి వెలిగించనేలేదు! ఈయనా చదువుకున్నవాడే.

సాయంత్రం ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకుపోయారు. నేను తాళం వేస్తుంటే అధ్యక్షుడు భుజం తట్టి, "వచ్చే యేడు మంత్రినే పిలుద్దాం" అన్నాడు.

మంత్రి ఎప్పుడొస్తాడో నాకు తెలియదు. లారీ మాత్రం దసరా మర్నాడే వస్తుంది.